లాక్రోస్ పుట్టింటి బిడ్డ లైల్ థామ్సన్: రికార్డుల ప్రస్థానం, ఒలింపిక్స్ ముంగిట ఒక ప్రశ్న

2023 అక్టోబరు 16న ముంబైలో జరిగిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 141వ సదస్సు, 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్ క్రీడల్లో మరో ఐదు క్రీడలను చేర్చేందుకు ఆమోదముద్ర వేసింది. 128 ఏళ్ల విరామం తరువాత క్రికెట్ ఒలింపిక్ వేదికకు తిరిగి వస్తున్నదన్న వార్త భారతదేశమంతటా పండుగ వాతావరణం తెచ్చింది. అదే తీర్మానంలో చోటు దక్కించుకున్న మరో క్రీడ పేరు మాత్రం మన దేశంలో ఎక్కువమందికి కొత్త. ఆ క్రీడ లాక్రోస్. 1908 లండన్ ఒలింపిక్స్ తరువాత పతక క్రీడగా అది తిరిగి రావడం ఇదే మొదటిసారి.

లాక్రోస్ ఉత్తర అమెరికా ఆదివాసుల ఆట. ఈ తరంలో ఆ ఆటకు దక్కిన మేటి క్రీడాకారుల్లో ఒకడైన లైల్ థామ్సన్ కూడా ఆ ఆదివాసుల బిడ్డే. అమెరికా కళాశాల స్థాయిలోనూ, ప్రొఫెషనల్ లీగుల్లోనూ అత్యున్నత గౌరవాలు అందుకున్న థామ్సన్, అంతర్జాతీయ పోటీల్లో అమెరికా జట్టుకు ఆడడు. తన జాతి జట్టుకే ఆడతాడు. ఆ జట్టుకు ఒలింపిక్స్‌లో చోటు ఎందుకు ప్రశ్నార్థకమైందో తెలియాలంటే అతని ప్రస్థానాన్నీ, ఆ ఆట చరిత్రనూ కలిపి చూడాలి.

కర్ర, వల, బంతి

లాక్రోస్ ఆటగాడి చేతిలో ఒక పొడవాటి కర్ర ఉంటుంది. దాని కొసన చిన్న వల సంచిలా అల్లి ఉంటుంది. గట్టి రబ్బరు బంతిని ఆ వలలో పట్టుకొని, జారిపోకుండా కర్రను ఊపుతూ పరుగెత్తాలి. సహచరుడికి విసరాలి, చివరకు ప్రత్యర్థి గోల్‌లోకి పంపాలి. గోల్‌కీపర్ తప్ప మరెవరూ బంతిని చేతితో తాకరాదు.

ఈ ఆటకు ప్రధానంగా మూడు రూపాలున్నాయి. ఆరుబయట మైదానంలో జట్టుకు 10 మంది చొప్పున ఆడేది ఫీల్డ్ లాక్రోస్. అమెరికా కళాశాలల్లో పురుషులు ఆడే ఆట ఇదే. ఐస్ హాకీ రింకు వంటి గోడల మధ్య, జట్టుకు గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు ఆడేది బాక్స్ లాక్రోస్. దీనికి కెనడాలోను, ఆదివాసీ ప్రాంతాల్లోను ఆదరణ ఎక్కువ. చిన్న మైదానంలో జట్టుకు ఆరుగురు, ఎనిమిదేసి నిమిషాల నాలుగు భాగాలుగా ఆడే వేగవంతమైన రూపం సిక్సెస్. ఒలింపిక్స్‌కు ఎంపికైనది ఇదే. క్రికెట్లో టెస్టులకు, టీ20కి ఉన్న తేడా వంటిదే ఫీల్డ్‌కు, సిక్సెస్‌కు ఉన్న తేడా.

ఐరోపా వాసులు రాకముందే ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతపు అనేక జాతులు ఈ ఆట ఆడేవి. దీనికి లాక్రోస్ అన్న పేరు ఫ్రెంచివారు పెట్టినది. మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా, టస్కరోరా అనే ఆరు జాతుల సమాఖ్య అయిన హోడెనోషోనీలకు ఇది వినోదం మాత్రమే కాదు. సృష్టికర్త ప్రసాదించిన ఆట అనీ, సమాజంలోని రోగాన్నీ, వైరాన్నీ మాన్పే ఔషధమనీ వారి విశ్వాసం. హికరీ చెట్టు కలపను ఆవిరిపట్టి వంచి, నెలల తరబడి ఆరబెట్టి కర్రను తయారుచేసే విద్య నేటికీ వారిలో కొనసాగుతోంది.

19వ శతాబ్దంలో ఈ ఆట రూపం మారింది. 1867లో మాంట్రియల్‌కు చెందిన దంతవైద్యుడు విలియం జార్జ్ బీర్స్ దీనికి లిఖిత నియమావళి రూపొందించాడు. అనతికాలంలోనే కెనడా లాక్రోస్ సంఘం, ఆదివాసీ క్రీడాకారులు డబ్బు తీసుకొని ఆడుతున్నారన్న కారణం చూపి వారిని తన పోటీలకు దూరం చేసింది. ప్రయాణ ఖర్చులు భరించే స్తోమత లేనివారికి ఆ డబ్బే ఆధారమన్న సంగతిని సంఘం పట్టించుకోలేదు. అలా ఆటను ప్రపంచానికి ఇచ్చినవారే దశాబ్దాలపాటు దాని ప్రధాన వేదికల వెలుపల మిగిలిపోయారు.

ఒనొండాగా నుంచి ఆల్బనీకి

లైల్ థామ్సన్ 1992 సెప్టెంబరులో జన్మించాడు. న్యూయార్క్ రాష్ట్రంలో సిరక్యూజ్ నగరానికి దక్షిణాన ఉన్న ఒనొండాగా నేషన్ అతని ఊరు. హోడెనోషోనీ సమాఖ్యకు రాజధాని వంటిది ఆ ప్రాంతమే. నలుగురు అన్నదమ్ముల్లో లైల్ చివరివాడు. జెరెమీ, జెరోమ్, మైల్స్ అతని అన్నలు. నలుగురూ లాక్రోస్‌లో పేరు తెచ్చుకున్నవారే.

పెద్దన్న జెరెమీ ఆడిన సిరక్యూజ్ విశ్వవిద్యాలయం కళాశాల లాక్రోస్‌లో ఎన్నో జాతీయ టైటిళ్లు గెలిచిన దిగ్గజం. ఆ ప్రాంతపు కుర్రవాళ్లు అక్కడ చేరాలని కలలు కంటారు. లైల్ మాత్రం మైల్స్‌తోను, వారి బంధువు టై థామ్సన్‌తోను కలిసి ఆల్బనీ విశ్వవిద్యాలయాన్ని ఎంచుకున్నాడు. అంతగా పేరు లేని ఆ జట్టు, కోచ్ స్కాట్ మార్ శిక్షణలో దేశమంతటి దృష్టినీ ఆకర్షించింది.

ముగ్గురూ చిన్ననాటి నుంచి బాక్స్ లాక్రోస్ ఆడినవారు. ఇరుకు చోట ఆడేవాడికి బంతిని చూడకుండానే అందుకోవడం, వెనుక నుంచి విసరడం, రెండు చేతుల మధ్య క్షణంలో కర్ర మార్చడం అలవడుతుంది. విశాలమైన మైదానంలో ఆ నేర్పును అడ్డుకోవడం ఎలాగో ప్రత్యర్థి కళాశాలలకు అంతుపట్టలేదు.

అంకెలు చెప్పే కథ

లాక్రోస్‌లో ఆటగాడు కొట్టిన గోల్‌కు ఒక పాయింటు, సహచరుడి గోల్‌కు దారితీసిన పాస్‌కు మరొక పాయింటు లెక్కిస్తారు. ఆ పాస్‌నే అసిస్ట్ అంటారు. 2012లో తొలి సీజన్‌లో లైల్ సాధించినవి 38 పాయింట్లు. మరుసటి ఏడాది ఆ సంఖ్య 113కు చేరింది. బాల్టిమోర్ కౌంటీలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయ క్రీడాకారుడు స్టీవ్ మరోల్ 1992లో నెలకొల్పిన 114 పాయింట్ల సీజన్ రికార్డును అతడు ఒక్క పాయింటు తేడాతో అందుకోలేకపోయాడు.

2014లో ఆ రికార్డు బద్దలైంది. 51 గోల్స్, 77 అసిస్ట్‌లతో లైల్ 128 పాయింట్లు సాధించాడు. మైల్స్ కూడా 119 పాయింట్లతో పాత రికార్డును దాటాడు. మైల్స్ కొట్టిన 82 గోల్స్ ఒక సీజన్‌లో అత్యధిక గోల్స్ రికార్డుకు సమానం. 22 ఏళ్లు నిలిచిన రికార్డును ఒకే ఏడాది, ఒకే ఇంటి అన్నదమ్ములిద్దరూ దాటేశారు. అయినా జట్టుగా ఆల్బనీకి టైటిల్ దక్కలేదు. జాతీయ టోర్నీ క్వార్టర్ ఫైనల్లో నోటర్‌డామ్ చేతిలో అదనపు సమయంలో ఒక్క గోల్ తేడాతో ఓడింది.

ఆ ఏడాది తెవారతాన్ ట్రోఫీని లైల్, మైల్స్‌లకు సంయుక్తంగా ప్రకటించారు. అమెరికా కళాశాల లాక్రోస్‌లో ఉత్తమ క్రీడాకారుడికి 2001 నుంచి ఇస్తున్న అత్యున్నత పురస్కారం ఇది. తెవారతాన్ అన్నది మోహాక్ భాషలో ఈ ఆటకున్న పేరు. కంచుతో పోసిన ట్రోఫీ మీది బొమ్మ కూడా మోహాక్ క్రీడాకారుడిదే. అయితే ఆదివాసీ భాషలో పేరు, ఆదివాసీ రూపంలో బొమ్మ ఉన్న ఆ ట్రోఫీ ఒక ఆదివాసీ చేతికి అందడం మాత్రం అదే మొదటిసారి. ఇద్దరికి కలిపి ఇవ్వడం కూడా అప్పుడే మొదలు.

2015లో లైల్ మరో 121 పాయింట్లు సాధించి, ఆ పురస్కారాన్ని వరుసగా రెండోసారి, ఈసారి ఒక్కడే గెలుచుకున్నాడు. నాలుగేళ్లలో మొత్తం 175 గోల్స్, 225 అసిస్ట్‌లు, సరిగ్గా 400 పాయింట్లు. కార్నెల్ విశ్వవిద్యాలయ క్రీడాకారుడు రాబ్ పానెల్ పేరిట ఉన్న 354 పాయింట్ల కెరీర్ రికార్డును అతడు చాలా వెనక్కు నెట్టాడు. తాను కొట్టిన గోల్స్ కంటే ఇతరుల చేత కొట్టించిన గోల్స్ ఎక్కువ కావడం ఈ లెక్కలో గమనించదగిన విషయం.

ప్రొఫెషనల్ లీగుల్లో

అదే ఏడాది మేజర్ లీగ్ లాక్రోస్‌లో ఫ్లోరిడా లాంచ్, బాక్స్ ఆటకు చెందిన నేషనల్ లాక్రోస్ లీగ్‌లో జార్జియా స్వార్మ్ అతణ్ణి మొట్టమొదటి ఎంపికగా తీసుకున్నాయి. వేసవిలో మైదానం, శీతకాలంలో గోడల మధ్య ఆట. రెండు రూపాల్లోనూ అగ్రశ్రేణిలో నిలిచేవారు అరుదు.

2017లో జార్జియా స్వార్మ్ తొలిసారి లీగ్ విజేత అయింది. లైల్ ఆ సీజన్ అత్యంత విలువైన ఆటగాడిగా ఎంపికయ్యాడు. మైల్స్, జెరోమ్ కూడా అదే జట్టులో ఉండటంతో ఆ విజయం ఒక కుటుంబ విజయమైంది. 2019లో మేజర్ లీగ్ టైటిల్ గెలిచిన చెసపీక్ బేహాక్స్ జట్టులోనూ అతడు సభ్యుడు. ఆ లీగ్ 2020 చివర ప్రీమియర్ లాక్రోస్ లీగ్‌లో విలీనమయ్యాక కానన్స్ జట్టుకు ఆడాడు.

ఈ ప్రస్థానంలో చేదు అనుభవమూ ఉంది. 2019 జనవరిలో ఫిలడెల్ఫియాలో జరిగిన మ్యాచ్‌లో, థామ్సన్ జడ కత్తిరించాలంటూ స్టేడియం వ్యాఖ్యాత మైకులో అన్నాడు. ప్రేక్షకుల్లో కొందరు అంతకంటే హీనంగా అరిచారు. హోడెనోషోనీ పురుషులకు జడ అలంకారం కాదు, జాతి గుర్తింపు. గతంలో ఆదివాసీ పిల్లలను బడులకు తరలించినప్పుడు మొట్టమొదట చేసినది వారి జుట్టు కత్తిరించడమే. థామ్సన్ ఈ విషయాన్ని సామాజిక మాధ్యమంలో బహిరంగంగా ప్రస్తావించాడు. ఆతిథ్య జట్టు క్షమాపణ చెప్పి, ఆ వ్యాఖ్యాతను తొలగించింది.

పాస్‌పోర్టు పరీక్ష

హోడెనోషోనీల జాతీయ జట్టు 1983లో ఏర్పడింది. చాలాకాలం ఇరొక్వాయ్ నేషనల్స్ పేరుతో ఆడిన ఆ జట్టు 2022లో హోడెనోషోనీ నేషనల్స్‌గా పేరు మార్చుకుంది. ప్రపంచ లాక్రోస్ సమాఖ్యలో అమెరికా, కెనడాలతో సమానంగా దానికి సభ్యత్వం ఉంది. 1990 నుంచి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో తన పతాకంతో ఆడుతోంది. 2014, 2018, 2023 ఛాంపియన్‌షిప్‌లలో వరుసగా కాంస్య పతకాలు గెలిచింది. ఈ మూడింటిలోనూ లైల్ థామ్సన్ ఆడాడు. 2015లో ప్రపంచ ఇండోర్ ఛాంపియన్‌షిప్‌కు అతని ఊరు ఒనొండాగాయే ఆతిథ్యమిచ్చింది. అందులో హోడెనోషోనీలు కెనడా తరువాత రెండో స్థానంలో నిలిచారు.

ఈ జట్టు సొంత పాస్‌పోర్టులతో ప్రయాణిస్తుంది. 1923లో కయూగా నాయకుడు డెస్కహే నానాజాతి సమితికి తమ గోడు వినిపించడానికి జెనీవా వెళ్లింది కూడా తమ జాతి పాస్‌పోర్టుతోనే. అయితే 2010లో మాంచెస్టర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు బయలుదేరిన జట్టును బ్రిటన్ ఆ పాస్‌పోర్టులతో అనుమతించలేదు. అమెరికా పాస్‌పోర్టులు తీసుకొని వెళ్లే వీలున్నా జట్టు అందుకు ఒప్పుకోలేదు. పోటీనే వదులుకుంది.

పదేళ్ల తరువాత మరో అవరోధం ఎదురైంది. 2022 వరల్డ్ గేమ్స్‌లో హోడెనోషోనీలకు తొలుత చోటు దక్కలేదు. నిరసనలు వెల్లువెత్తాక అర్హత ఉందని నిర్వాహకులు ఒప్పుకున్నారు. కాని అప్పటికే జట్ల జాబితా నిండిపోయింది. అప్పుడు ఐర్లాండ్ స్వచ్ఛందంగా తప్పుకొని తన స్థానాన్ని వారికి ఇచ్చింది.

ఒలింపిక్ నియమం ఏమిటి?

ఒలింపిక్ నియమావళి ప్రకారం, జాతీయ ఒలింపిక్ కమిటీలు మాత్రమే జట్లను పంపగలవు. హోడెనోషోనీలకు అటువంటి గుర్తింపు పొందిన కమిటీ లేదు. 2023 డిసెంబరులో అప్పటి అమెరికా అధ్యక్షుడు జో బైడెన్, ఆదివాసీ జాతుల సదస్సులో మాట్లాడుతూ వారు సొంత పతాకం కింద ఆడేందుకు మద్దతు ప్రకటించారు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ మాత్రం, క్రీడాకారుల పాస్‌పోర్టులను బట్టి అమెరికా లేదా కెనడా జట్లలో వారికి చోటివ్వడం ఆ రెండు దేశాల కమిటీల నిర్ణయమని బదులిచ్చింది.

క్రికెట్ అభిమానులకు ఈ చిక్కు సులభంగానే అర్థమవుతుంది. దశాబ్దాలుగా ఒకే జట్టుగా ఆడుతున్న వెస్టిండీస్‌కు కూడా ఒక్క ఒలింపిక్ కమిటీ లేదు. జమైకా, బార్బడోస్, ట్రినిడాడ్ వేర్వేరు కమిటీల కింద ఉన్నాయి. అందుకే 2022 కామన్వెల్త్ క్రీడల్లో వెస్టిండీస్ మహిళలకు బదులు బార్బడోస్ మహిళలు ఆడారు. అయితే ఒక ముఖ్యమైన తేడా ఉంది. జమైకా ఆటగాడికి జమైకా పతాకమైనా ఉంటుంది. ఒనొండాగా ఆటగాడికి మిగిలే దారి, తన జాతి సంధులు చేసుకున్న పొరుగు దేశపు చొక్కా తొడుక్కోవడమే.

ఇటువంటి వెసులుబాటు ఒలింపిక్ చరిత్రలో లేనిదేమీ కాదన్నది హోడెనోషోనీల వాదనలో ఒక భాగం. 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్ లాక్రోస్‌లో మోహాక్‌లతో కూడిన ఒక జట్టు కెనడా నుంచి వచ్చి కాంస్య పతకం గెలిచింది. 2016 నుంచి శరణార్థుల జట్టు కూడా ఏ దేశ కమిటీకీ చెందకుండానే ఒలింపిక్స్‌లో పాల్గొంటున్నది.

2028 జూలైలో లాస్ ఏంజిలిస్ క్రీడలు ప్రారంభమయ్యేనాటికి లైల్ థామ్సన్‌కు 35 ఏళ్లు నిండి ఉంటాయి. వేగమే ప్రధానమైన సిక్సెస్‌లో అది చిన్న వయసు కాదు. అతనికి మైదానంలో నిరూపించుకోవలసినది పెద్దగా మిగలలేదు. ముంబై తీర్మానంతో ఆట ఒలింపిక్స్‌కు చేరింది. ఆ ఆటను కన్నవారు తమ పేరుతో, తమ పతాకంతో అక్కడ అడుగుపెట్టడం మాత్రం మైదానంలో సాధించే పాయింట్లపై ఆధారపడి లేదు. దేశం అంటే ఏమిటన్న నిర్వచనంపై ఆధారపడి ఉంది.