ఒక్కో పాటకు ఒక్కో గిటార్

ఆరు తీగల గిటార్‌లో ఒకటి పీకేసి, మిగిలిన ఐదింటితోనే దశాబ్దాలుగా స్టేడియాలను ఊపేస్తున్న మనిషి కీత్ రిచర్డ్స్. రోలింగ్ స్టోన్స్ పాటలు చాలావాటికి ఆయన అన్నిటికన్నా లావు తీగను తీసేసి, తక్కిన వాటిని జీ, డీ, జీ, బీ, డీ అని శ్రుతి చేసుకుంటారు. ఇక ఎక్కడా వేలు ఆనించకుండా మీటినా నిండైన జీ మేజర్ కార్డ్ పలుకుతుంది. ‘స్టార్ట్ మీ అప్’ మోత ఆ ఐదు తీగలదే. ‘హ్యాపీ’, ‘టంబ్లింగ్ డైస్’ వంతు వచ్చేసరికి నాలుగో ఫ్రెట్ మీద కాపో పడుతుంది. తీగలన్నిటినీ ఒకేచోట అదిమిపట్టే చిన్న బిగింపు అది. శ్రుతి పెరుగుతుంది, వేళ్ల పట్టు మాత్రం మారదు.

ఐదు తీగలనగానే మన పాలకొల్లు బిడ్డ మాండొలిన్ శ్రీనివాస్ గుర్తుకు రావాల్సిందే. ఆయనది రాక్ కాదు. అయినా ఎనిమిది తీగల వాద్యాన్ని ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌గా మలుచుకుని, దానిమీద గమకాలు పలికించి, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవాన్ని మెప్పించారు.

కాపో బాగా పైకెక్కిన పాటల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఈగల్స్ వారి ‘హోటల్ కాలిఫోర్నియా’. డాన్ ఫెల్డర్ మొదట దాన్ని ఈ మైనర్‌లో కట్టారు. పాడాల్సిన డాన్ హెన్లీకి అది మరీ పైస్థాయి అయింది. దించుకుంటూ వెళ్తే బీ మైనర్ దగ్గర గొంతు కుదిరింది. కానీ ఈ మైనర్‌లో విడి తీగలు మోగే మోత బీ మైనర్‌లో రాదు. అందుకే పన్నెండు తీగల గిటార్‌కు ఏడో ఫ్రెట్ దగ్గర కాపో బిగించి, పాత పట్టులతోనే వాయించారు. వేదిక మీద ఇంకో చిక్కు. అదే మనిషి చివర్లో సోలో కూడా వాయించాలి, గిటార్ మార్చే వ్యవధి లేదు. రెండు మెడల గిబ్సన్‌తో ఆ చిక్కు తీరింది. పైమెడకు పన్నెండు తీగలు, కాపో. కిందిమెడకు ఆరు తీగలు. మొత్తం పద్దెనిమిది తీగలు ఒక్కరి భుజాన!

జార్జ్ హారిసన్ ‘హియర్ కమ్స్ ది సన్’కూ ఏడో ఫ్రెట్టే. రవిశంకర్ కోరిక మీద 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో జరిపిన బంగ్లాదేశ్ సహాయ కచేరీలో, పీట్ హామ్‌ను తోడుంచుకుని రెండే రెండు అకూస్టిక్ గిటార్లతో ఆ పాట వినిపించారు.

శ్రుతిలో కిందికి దిగినవారిలో బ్లాక్ సబ్బత్ గిటారిస్ట్ టోనీ అయోమీది మొక్కవోని పట్టుదల. పదిహేడేళ్లప్పుడు ఫ్యాక్టరీ యంత్రం తీగలు నొక్కే చేతి రెండు వేళ్ల కొనలు తెంపేసింది. ప్లాస్టిక్ కరిగించి తొడుగులు చేసుకున్నారు. తీగలు వదులైతే నొక్కడం సులువని శ్రుతి దించారు. 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’లో కొన్ని పాటలకు ఏకంగా ఒకటిన్నర స్వరం దించడంతో బ్లాక్ సబ్బత్‌కు ఆ బరువైన నాదం వచ్చింది. హెవీ మెటల్ వారికి నేటికీ అదే ఒరవడి.

సోనిక్ యూత్ బృందం పాటల్లో చాలావాటికి సొంత ట్యూనింగ్ ఉండేది, ఆ ట్యూనింగ్‌కు విడిగా గిటార్ ఉండేది. 1999 జూలై 4న కాలిఫోర్నియాలో వారి ట్రక్కు సామానుతో సహా చోరీ అయింది. అదే రోజు అరువు గిటార్లతో వేదికెక్కారు. ఏళ్లు గడిచాక కొన్ని గిటార్లు ఒక్కొక్కటిగా తిరిగొచ్చాయి.