తిథి ఎక్కడ కనబడును?

పాఠశాల విద్యార్థుల కొరకు మేము జరుపు కార్యక్రమము ముగిసిన పిమ్మట ఒకనాడు ఒక బాలిక మమ్మొక ప్రశ్న అడిగినది. “మా తాతగారు రోజూ ఉదయమున పంచాంగము చూచి తిథి చెప్పుదురు. తారీఖు గోడమీది క్యాలెండరులో కనబడును. తిథి ఎక్కడ కనబడునండీ?” ఆ పూట మేము చెప్పిన సమాధానము మాకే తృప్తి నీయలేదు. ఏలయన, ఆ ప్రశ్నకు సమాధానము స్టూడియోలో లేదు, మేడమీద ఉన్నది. తిథి ఆకాశమున కనబడును.

మన యిండ్లలో అశ్విని, భరణి, కృత్తిక అని ఇరువదియేడు పేర్లను ఊపిరి తిప్పుకొనక చెప్పగల పిల్లలు కలరు. కాని కృత్తిక ఎక్కడ ఉన్నదో చూపుమన్నచో చేయి పైకెత్తువారు అరుదు. పేర్లు నోట మిగిలినవి, చూపు తప్పిపోయినది. ఆ చూపును తిరిగి సంపాదించుకొనుట కష్టము కాదు. దూరదర్శిని అక్కరలేదు. చంద్రుడు చాలును.

చంద్రునికి స్వయంప్రకాశము లేదు. అతని గోళములో సగము ఎల్లప్పుడును సూర్యకాంతిలోనే ఉండును. ఆ సగములో మనకెంత భాగము కనబడునో, అంతయే చంద్రకళ. భూమి నీడ పడుట వలన చంద్రుడు క్షీణించునని అనేకులు తలతురు. అది సరి కాదు. చీకటి గదిలో ఒక దీపము వెలిగించి, చేతిలో బత్తాయిపండు పట్టుకొని, చేయి చాచి దీపమునకు ఎదురుగా నిలువుడు. పండు యొక్క వెలుగు ముఖము దీపమువైపున ఉండును. మీకు చీకటి ముఖమే కనబడును. అది అమావాస్య. పండుతో కూడ మెల్లగా ఎడమ వైపునకు తిరుగుడు. పావు చుట్టు తిరుగునప్పటికి పండు కుడి సగము వెలుగుచుండును. అది శుద్ధ అష్టమి. దీపమునకు వీపు పెట్టి పండును తలకంటె ఎత్తున పట్టినచో నిండు వెలుగు కనబడును. అది పూర్ణిమ. పండును క్రిందికి దించి మీ తల నీడలో పడనిచ్చినచో, అది చంద్రగ్రహణము. చంద్రుని మార్గము సూర్యుని మార్గమునకు సుమారు 5 డిగ్రీలు ఒరిగి ఉన్నందున ప్రతి పూర్ణిమకును గ్రహణము సంభవింపదు.

ఇక తిథి మాట. నక్షత్రముల నడుమ చంద్రుడు దినమునకు సుమారు 13 డిగ్రీలు తూర్పునకు జరుగును. సూర్యుడు కూడ అదే దిక్కునకు దినమునకు సుమారు ఒక డిగ్రీ జరిగినట్లు కనబడును. కనుక వారి నడుమ దూరము దినమునకు 12 డిగ్రీల చొప్పున పెరుగును. ఆ 12 డిగ్రీలే ఒక తిథి. చుట్టు మొత్తము 360 డిగ్రీలు. దానిని 12చే భాగించిన 30. తిథులు ముప్పది యగుటకు కారణమిదియే.

ఈ 12 డిగ్రీలను చేతితో కొలువవచ్చును. చేయి పూర్తిగా చాచి పిడికిలి బిగించినచో, ఆ పిడికిలి అడ్డముగా సుమారు 10 డిగ్రీలు కప్పును. ఒక వ్రేలి వెడల్పు సుమారు 2 డిగ్రీలు. పిడికిలి మీద వ్రేలొకటి చేర్చినచో ఒక తిథి. విదియనాడు సాయంకాలము ఒక కొబ్బరిచెట్టునో, ఎదుటి యింటి కప్పునో గురుతు పెట్టుకొని చంద్రుని చూడుడు. మరునాడు అదే వేళకు చంద్రుడు సుమారు అంత దూరము తూర్పునకు జరిగి ఉండును.

ఇంత తెలిసినచో ఏ తిథినాడు చంద్రుడెప్పుడు ఉదయించునో మీరే చెప్పగలరు. పూర్ణిమనాడు సూర్యుడు అస్తమించు వేళకు చంద్రుడు ఉదయించును. అటుపై సగటున దినమునకు 50 నిమిషములు ఆలస్యమగును. బహుళ అష్టమికి ఉదయము అర్ధరాత్రి ప్రాంతమునకు జరుగును. శ్రీకృష్ణుడు అష్టమినాటి అర్ధరాత్రి జన్మించెనని వినునప్పుడు, అది చంద్రోదయ సమయమని పిల్లలకు జ్ఞాపకము చేయుడు.

తిథులు ముప్పది యైనప్పుడు నక్షత్రములు ఇరువదియేడే ఏల? దీనికి గడియారము చూడుడు. పన్నెండు గంటలకు రెండు ముండ్లును కలిసి ఉండును. గంట గడచునప్పటికి పెద్ద ముల్లు చుట్టు పూర్తిచేసి పన్నెండు కడకు వచ్చును. కాని చిన్న ముల్లు అప్పటికి ఒకటి కడకు జరిగి ఉండును. దానిని కలిసికొనుటకు పెద్ద ముల్లు మరి అయిదు నిమిషములకు పైగా నడువవలెను. అట్లే చంద్రుడు 27 దినముల 8 గంటలలో బయలుదేరిన నక్షత్రమునకే తిరిగి వచ్చును. కాని సూర్యుడు ఈలోగా ముందుకు సాగి ఉండును. సూర్యుని తిరిగి కలియుటకు మొత్తము 29½ దినములు పట్టును. మొదటి లెక్క నుండి నక్షత్రములు, రెండవ లెక్క నుండి మాసము వచ్చినవి.

మాసముల పేర్లును ఆకాశమునుండి దిగినవే. పూర్ణిమనాటి చంద్రుడు చిత్త దాపున ఉన్న మాసము చైత్రము. విశాఖ దాపున ఉన్నచో వైశాఖము. కృత్తిక దాపున ఉన్నచో కార్తికము. ఇట్టి మాసములు పన్నెండు కలిపినను 354 దినములే. సౌర సంవత్సరమునకు 11 దినములు తక్కువ. ఆ కొరత పేరుకొని మాసమగునప్పుడు మన పంచాంగము అధిక మాసమును చేర్చును. 19 సంవత్సరములలో ఇట్టివి ఏడు వచ్చును. హిజ్రీ క్యాలెండరు అట్లు చేర్పదు. అందువలననే రంజాను మాసము క్రమముగా అన్ని ఋతువులలోను వచ్చును.

ఇక పెద్దలు వాదించుకొను విషయమొకటి కలదు. ఒక పంచాంగములో పండుగ ఈ దినమున, మరియొక దానిలో మరునాడు ఉండుట మనమందరము చూచినదే. చంద్రుని మార్గము దీర్ఘవృత్తము. భూమికి దగ్గరగా నున్నప్పుడు వేగముగను, దూరముగా నున్నప్పుడు మెల్లగను నడచును. అందుచే ఒక తిథి 19 గంటలకే ముగియవచ్చును. మరియొకటి 26 గంటల వరకు సాగవచ్చును. సూర్యోదయమున ఉన్న తిథియే ఆ దినపు తిథి యని సామాన్య నియమము. పాత సూత్రములతో గణించినవారికిని, నేటి పరిశీలనలను అనుసరించువారికిని కొన్ని గంటల భేదము వచ్చినచో, సూర్యోదయమునకు ఇరువైపుల రెండు తిథులు నిలుచును.

ఈ భేదమును తొలగింపుడని కోరినవారిలో చింతామణి రఘునాథాచార్యులు ఒకరు. మద్రాసు నక్షత్రశాలలో పనిచేయుచు 1867లో ఒక చరకాంతి నక్షత్రమును కనుగొన్నవారాయన. పంచాంగము కంటికి కనబడు ఆకాశముతో సరిపోవలెనని ఆయన వాదము. స్వాతంత్ర్యానంతరము 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన క్యాలెండరు సంస్కరణ సంఘము ఏర్పడినది. దాని సిఫారసుల మీదనే 1957 మార్చి 22వ తేదీన, అనగా శక 1879 చైత్రము 1న, జాతీయ క్యాలెండరు అమలులోనికి వచ్చినది. రేడియోలో వినవచ్చు శక సంవత్సరపు తేదీ ఆ నాటిదే.

సంక్రాంతిని కూడ ఇట్లే పరీక్షింపవచ్చును. ఉత్తరాయణ పుణ్యకాలమని మనము జనవరి 14 లేక 15వ తేదీన పండుగ చేసికొందుము. కాని ఎండలో ఒక కర్ర పాతి ప్రతి మధ్యాహ్నమును నీడ కొలిచినచో, అది డిసెంబరు 21, 22 తేదీలలోనే అత్యంత దీర్ఘమై, అటుపై తగ్గనారంభించును. సూర్యుడు ఉత్తరమునకు మరలుట అప్పుడే. తిరుగు బొంగరపు మొన వలె భూమి ఇరుసు మెల్లమెల్లగా దిశ మార్చుకొనును. ఈ అయన చలనము 72 సంవత్సరములకు ఒక డిగ్రీ. సుమారు 1700 సంవత్సరముల క్రిందట మకర సంక్రమణము, ఉత్తరాయణము ఒకే కాలమున జరుగుచుండెను. పూర్వులు పొరబడలేదు. వారు ఆకాశమును చూచి లెక్క వ్రాసిరి. ఆకాశము కదలినది, మనము లెక్కను కాపాడితిమి గాని చూచుట మానితిమి.

కనుక మా విన్నపమొకటి. రాబోవు విదియ నుండి ఒక నెల పాటు మీ పిల్లలచేత చంద్రుడు కనబడిన వేళను, దిక్కును, ఆకారమును ఒక నోటు పుస్తకములో గీయింపుడు. మబ్బు పట్టిన దినమున మబ్బు అనియే వ్రాయవలెను, ఊహించి గీయరాదు. నెల ముగిసిన పిమ్మట పంచాంగము తెరచి రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టుకొని చూడుడు. తిథి ఎక్కడ కనబడునని మీ యింట మరి ఎవరును అడుగనవసరముండదు.