బోగీలు కలిపే ఊరు, ఉపగ్రహాలు కలిపిన చేతులు

ఖరగ్‌పూర్ అనగానే చాలామందికి ఒక కిలోమీటరు దాటిన ప్లాట్‌ఫాం గుర్తొస్తుంది. ఊరికి ఆ పేరు రావడానికి కారణమని చెప్పుకునే ఖడ్గేశ్వరుడి గుడి మాత్రం ఊళ్లోని ఇందా ప్రాంతంలో ఉంది. 1949లో మొదలైన ఖరగ్‌పూర్ కాలేజీ కూడా ఇక్కడిదే. ఈ రైలు పట్నానికి వచ్చిన తెలుగువాళ్లకు బెంగాల్ కొత్త కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చి స్థిరపడిన వాళ్ల మనవలు, మునిమనవలు నేటికీ ఇక్కడ ఉన్నారు. బరంపురంలో పుట్టిన వి.వి. గిరి ఈ రైల్వే కార్మికుల సంఘానికి నాయకుడై, తర్వాత రాష్ట్రపతి అయ్యారు.

ఆ కుటుంబాల ఇళ్లలో ఫిట్టర్, టర్నర్, వెల్డర్, ఖలాసీ అన్నవి తరతరాలుగా వినబడే మాటలు. భూమిని పైనుంచి కనిపెట్టే చిన్న ఉపగ్రహాల తయారీలోనూ ఈ పనితనానికి చోటుంది. ఆ చోటు చూపించాల్సిన బాధ్యత ఉపగ్రహాలు తయారుచేసే తెలుగువాళ్ల సంస్థలదే.

యార్డులో నేర్చిన పాఠం

షంటింగ్ చూసిన వాళ్లకు తెలుసు. ఇంజను బోగీలను వెనక్కి నెడుతుంటే షంటర్ పక్కన నడుస్తూ సైగ చేస్తాడు. రెండు కప్లర్లు ఒకేలా ఉంటాయి, దవడలు ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుంటాయి. వేగం పెరిగితే దెబ్బ తగులుతుంది, తక్కువైతే పట్టు పడదు. కలిశాక గాలి పైపులు తగిలిస్తారు. అప్పుడే అది ఒకే బండి అవుతుంది.

2024 డిసెంబర్ 30న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ60 రాకెట్ మోసుకెళ్లిన ఇస్రో స్పేడెక్స్ ఉపగ్రహాల జంట చేసిన పని సరిగ్గా ఇదే. ఒక్కోటి దాదాపు 220 కిలోలు. రెండింటికీ ఒకే రకం కలిసే ముఖాలు. గంటకు దాదాపు 28 వేల కిలోమీటర్ల వేగంతో భూమి చుట్టూ తిరుగుతూనే, ఒకదాని దగ్గరికి మరొకటి సెకనుకు సుమారు 10 మిల్లీమీటర్ల చొప్పున జరిగాయి. 2025 జనవరి 16న కలిశాయి. ఏప్రిల్‌లో రెండోసారి కలిసినప్పుడు ఒకదాన్నుంచి మరోదానికి కరెంటు కూడా అందింది. అమెరికా, రష్యా, చైనాల తర్వాత ఈ పని చేసిన నాలుగో దేశం మనది.

ఈ రెండింటినీ కూర్చి, పరీక్షించింది హైదరాబాద్‌కు చెందిన అనంత్ టెక్నాలజీస్. ఇస్రోలో పనిచేసిన పావులూరి సుబ్బారావు 1992లో నెలకొల్పిన సంస్థ ఇది. రాకెట్లకు, ఉపగ్రహాలకు కావలసిన ఎలక్ట్రానిక్ భాగాలతో మొదలై, ఉపగ్రహాన్నే కూర్చి ఇచ్చే స్థాయికి చేరింది. స్పేడెక్స్ జంటలో ఒకదానికి స్పష్టమైన ఫొటోలు తీసే కెమెరా, మరోదానికి పచ్చదనాన్నీ సహజ వనరులనూ వేర్వేరు రంగుల కాంతిలో చూసే కెమెరా అమర్చారు. కలిసే పరీక్ష ముగిశాక ఇవి భూమిని గమనించే పనికి వచ్చేలా తయారైనవి.

చిన్నవి ఎందుకు?

ఇందా మీదుగా ఉత్తరానికి వెళితే కాసాయి నది. ఇంకా పైకి వెళితే ఘాటాల్, వానాకాలంలో వరద తప్పని ప్రాంతం. ఏ ఊరు మునిగింది, ఏ రోడ్డు తెగిందన్నది ఆ రోజే తెలియాలి, వారం తర్వాత తెలిస్తే పడవ పంపి లాభం లేదు. ఒకే పెద్ద ఉపగ్రహం అదే చోటికి మళ్లీ రావడానికి రోజులు పడుతుంది. చిన్నవి చాలా ఉంటే ఒకటి పోగానే మరొకటి వస్తుంది. మబ్బు కమ్మినప్పుడు మామూలు కెమెరాకు ఏమీ కనబడదు. అప్పుడు రాడార్ ఉపగ్రహమే దిక్కు. 2022 ఫిబ్రవరిలో వెళ్లిన ఈఓఎస్-04 అలాంటిదే. వరద మ్యాపులు గీసి జిల్లాలకు పంపే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కూడా హైదరాబాద్‌లోనే ఉంది.

అదే నగరంలోని ధ్రువ స్పేస్ సంస్థ తయారుచేసిన థైబోల్ట్ ఉపగ్రహాల జంట 2022 నవంబర్ 26న కక్ష్యలోకి వెళ్లింది. రెండూ కలిపి కిలోన్నర బరువు కూడా లేవు. రాకెట్ నుంచి ఉపగ్రహాన్ని సరైన క్షణంలో బయటికి నెట్టే పెట్టెలనూ ఈ సంస్థ తయారుచేస్తోంది. పెట్టె తలుపు తెరుచుకోకపోతే ఏళ్ల శ్రమ అందులోనే ఉండిపోతుంది.

గేటు ఇవతలి పిల్లలు

హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో 1951లో మొదలైన ఐఐటీ, ఇందాకు దగ్గరే. విశాఖకు చెందిన చందన పవన్ కుమార్ అక్కడే చదివారు. ఆయన సహ వ్యవస్థాపకుడైన స్కైరూట్ సంస్థ పంపిన విక్రమ్-ఎస్ రాకెట్, 2022 నవంబర్ 18న 89.5 కిలోమీటర్ల ఎత్తుకు ఎగిరింది. దేశంలో ప్రైవేటు సంస్థ తయారుచేసి ఎగరేసిన తొలి రాకెట్ అది.

ఐఐటీ గేటు లోపలి నుంచి అంతరిక్షానికి దారి పడింది. గేటు ఇవతల, ఐటీఐ, డిప్లొమా చదివే రైల్వే కుటుంబాల పిల్లలకు ఆ దారి తెలియాలి. శుభ్రమైన గదిలో మణికట్టుకు ఎర్త్ తీగ కట్టుకుని, టార్క్ రెంచితో ఒక్కో బోల్టునూ చెప్పినంతే బిగించి, ఆ లెక్క రాసిపెట్టే మనిషి లేకుండా ఏ ఉపగ్రహమూ ఎగరదు. ఉపగ్రహాన్ని కుదిపి పరీక్షించే వైబ్రేషన్ టేబుల్ మీద వదులైన బోల్టు దాగదు. బోగీ కింద దూరి పగులు వెతికే ఓపిక ఉన్న ఇంట్లో పుట్టిన వాళ్లు ఈ పని తొందరగా పట్టుకుంటారు.

అందుకే హైదరాబాద్ సంస్థలు అప్రెంటిస్‌లను ఎంచుకునేటప్పుడు ఖరగ్‌పూర్‌కూ రావాలి. ఇందా కాలేజీలో ఒక్కరోజు పిల్లలకు ఆ పనిముట్లు చూపించాలి. ఒకప్పుడు ఇంజన్లు నడవాలంటే మన వాళ్ల చేతులూ కావలసివచ్చాయి. అప్పుడు తాతలు వెతుక్కుంటూ వచ్చారు. ఇప్పుడు పనే వాళ్ల మనవలను వెతుక్కుంటూ రావాలి.