జైలు మురుగు, విమానాశ్రయం.. అడిగే హక్కు ప్రజలదే

సదుం: జైలు గోడ, విమానాశ్రయం కంచె దాటి లోనికి వెళ్లడం సామాన్యులకు సాధ్యం కాదు. అక్కడి నుంచి వెలువడే మురుగును, శబ్దాన్ని మాత్రం పరిసర ప్రజలే భరించాలి. మదనపల్లెలో సబ్‌జైలు ఉంది. కుప్పం నియోజకవర్గంలోని శాంతిపురం మండలంలో విమానాశ్రయానికి 2019 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఇటువంటి చోట్ల ప్రజల పర్యవేక్షణకు చట్టం కొన్ని మార్గాలు చూపింది.

మురుగుపై ఫిర్యాదు ఇలా..

శుద్ధి చేయని మురుగును వాగులు, చెరువులు, బావుల్లోకి వదలడాన్ని 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం నిషేధించింది. ప్రభుత్వ శాఖలకూ ఇది వర్తిస్తుంది. కాలుష్య నియంత్రణ మండలి అధికారులు నిర్ణీత పద్ధతిలో సేకరించిన నమూనాయే కోర్టులో నిలుస్తుంది. అందువల్ల ఫిర్యాదును మండలికి లిఖితపూర్వకంగా అందజేయాలి.

అభిప్రాయ సేకరణ కీలకం

విమానాశ్రయాలకు 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి తప్పనిసరి. ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు పత్రికా ప్రకటన ఇవ్వాలి. కలెక్టర్ లేదా ఆయన ప్రతినిధి అధ్యక్షత వహిస్తారు. ప్రజలు లేవనెత్తిన అంశాలను సభ ముగింపులో స్థానిక భాషలో చదివి వినిపించాలి. తమ అభ్యంతరం అందులో నమోదైందో లేదో రైతులు అక్కడే సరిచూసుకోవచ్చు.

తనిఖీ నివేదికలు, అనుమతి పత్రాల నకళ్లను సమాచార హక్కు చట్టం కింద కోరవచ్చు. 30 రోజుల్లోగా సమాధానం ఇవ్వాలి. బావి నీరు చెడిపోయాక, భూమి చేజారాక తిరగడం కంటే ముందుగా అడగడమే మేలు.