కాంతికి గ్రాఫీన్ గేటు.. కెరియర్‌కు ఏది రూటు?

ఎమ్మెస్సీ ఫిజిక్స్, ఫోటానిక్స్, ఎంటెక్ విద్యార్థుల ప్రాజెక్టుల్లో ‘టూడీ మెటీరియల్స్‌తో పల్స్‌డ్ ఫైబర్ లేజర్’ ఒకటి. పేరు ఘనంగానే ఉంది, మరి ఉద్యోగానికి పనికొస్తుందా? ఎంచుకునే ముందు ఈ విషయాలు తెలుసుకోండి.

గేటు పనేంటి?

ఫైబర్ లేజర్‌లో ఎర్బియం లేదా ఇటెర్బియం కలిపిన సన్నని గాజు ఫైబర్ కాంతిని పెంచుతుంది. మామూలుగా కాంతి ఆగకుండా వస్తుంది. కంటి ఆపరేషన్లకు, స్టెంట్ల కోతకు మాత్రం ఫెమ్టోసెకన్ల పల్స్‌లు కావాలి. ఒక ఫెమ్టోసెకను అంటే నానోసెకనులో పది లక్షల్లో ఒక వంతు. వేడి పక్కకు పాకేలోపే కోత పూర్తవుతుంది.

ఇలాంటి పల్స్‌లు తయారుచేసే మార్గాల్లో శాచురబుల్ అబ్జార్బర్ ఒకటి. కొత్త సినిమా విడుదల రోజు థియేటర్ గేటును ఊహించుకోండి. ఒక్కొక్కరుగా వస్తే గేట్‌మ్యాన్ ఆపేస్తాడు. వందమంది ఒక్కసారిగా తోసుకొస్తే ఆపలేడు. ఇదీ అంతే. బలహీనమైన కాంతిని మింగేస్తుంది, బలమైన కాంతిని వదిలేస్తుంది. ఫైబర్ లూప్‌లో కాంతి వేలసార్లు తిరిగేసరికి బలమైన పల్స్ ఒక్కటే మిగులుతుంది.

గ్రాఫీన్ ఎందుకు?

ఈ పనికి సెమీకండక్టర్ అద్దం ‘సెసమ్’ 1990ల నుంచీ ఉంది. అయితే దాని తయారీ ఖరీదు, పనిచేసే తరంగదైర్ఘ్యాల పరిధీ తక్కువ. 2004లో మాంచెస్టర్‌లో ఆండ్రీ గైమ్, కాన్‌స్టాంటిన్ నోవోసెలోవ్ ప్లాస్టర్ టేపుతో గ్రాఫైట్ నుంచి గ్రాఫీన్ పొరను వేరుచేశారు. 2010లో నోబెల్ అందుకున్నారు. ఒక్క పరమాణువు మందం పొర 2.3 శాతం కాంతిని పీల్చుకుంటుంది, అదీ విస్తృత పరిధిలో. 2009లో సింగపూర్, కేంబ్రిడ్జ్ పరిశోధకులు దాంతో ఫైబర్ లేజర్ నడిపి చూపించారు. తర్వాత మాలిబ్డినం డైసల్ఫైడ్, బ్లాక్ ఫాస్ఫరస్ వరుసకట్టాయి.

అసలు సంగతి

పేపర్లు బోలెడు వచ్చాయి. మార్కెట్లో ఎక్కువగా ఉన్నవి మాత్రం ఇప్పటికీ సెసమ్‌తోనో, ఫైబర్ సొంత గుణాలతోనో నడిచే లేజర్లే. కారణాలున్నాయి. ఎక్కువ పవర్ పెడితే పొర వేడికి దెబ్బతింటుంది. బ్లాక్ ఫాస్ఫరస్ గాలి తగిలితే పాడవుతుంది. ఒకే పద్ధతిలో చేసిన రెండు పొరలు ఒకేలా పనిచేస్తాయన్న భరోసా లేదు. కాబట్టి ‘మరో కొత్త మెటీరియల్‌తో పల్స్ తెచ్చాం’ అనే ప్రాజెక్టు కన్నా, ‘ఇన్ని గంటలు స్థిరంగా నడిపాం’ అనేది మీ రెజ్యూమెకు బలం.

చేతికి రావాల్సిన పనులు

- ఫైబర్‌ను శుభ్రంగా కోసి, స్ప్లైసింగ్ మెషిన్‌తో నష్టం తక్కువగా అతకడం
- ఆసిలోస్కోప్, ఆప్టికల్ స్పెక్ట్రమ్ ఎనలైజర్, ఆటోకోరిలేటర్ వాడటం
- రామన్ స్పెక్ట్రోస్కోపీతో పొరలను పరీక్షించడం
- పైథాన్ లేదా మ్యాట్‌ల్యాబ్‌తో సిమ్యులేషన్
- లేజర్ సేఫ్టీ. 1550 నానోమీటర్ల కాంతి కంటికి కనిపించదు, అదే ప్రమాదం!

మెటీరియల్ మారినా ఈ పనులు మారవు. టెలికాం, సెన్సర్లు, లేజర్ కటింగ్, వైద్య పరికరాల రంగాల్లోనూ పనికొస్తాయి.

ఎక్కడ చూడాలి?

హైదరాబాద్‌లో ఏఆర్‌సీఐ లేజర్ ప్రాసెసింగ్ కేంద్రం, డీఆర్‌డీవో ల్యాబ్ చెస్, సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. ఇండోర్‌లో ఆర్ఆర్‌క్యాట్, కోల్‌కతాలో సీజీసీఆర్ఐ లేజర్లపై పనిచేస్తున్నాయి. చదువుకైతే కొచ్చి కుసాట్‌లో ఫోటానిక్స్, ఐఐటీ దిల్లీలో ఆప్టోఎలక్ట్రానిక్స్ ఎంటెక్ ఉన్నాయి. గేట్, జామ్, సీఎస్ఐఆర్ నెట్‌లకు సిద్ధమవుతూనే ఈ సంస్థల జేఆర్ఎఫ్, ప్రాజెక్టు అసిస్టెంట్ నోటిఫికేషన్లు గమనిస్తుండండి.

ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న

‘ఆ పల్స్ మీ మెటీరియల్ వల్లే వచ్చిందని ఎలా చెప్తారు?’ ఇది అడిగే అవకాశం ఎక్కువ. ఎందుకంటే ఫైబర్‌లో కాంతి ధ్రువణం వల్ల కూడా ఒక్కోసారి పల్స్‌లు వాటంతటవే వచ్చేస్తాయి. పొర తీసేసి, మిగతా సెటప్ అలాగే ఉంచి, పోలరైజేషన్ కంట్రోలర్‌ను అటూఇటూ తిప్పి చూడాలి. అప్పుడూ పల్స్ వస్తే ఆ ఘనత మీ గ్రాఫీన్‌ది కాదు. ల్యాబ్‌లో ఉన్నప్పుడే ఈ పరీక్ష చేసి, ఫలితం నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. జవాబు అక్కడే దొరుకుతుంది.