పింజర కాటు గాయంలో కణబాహ్య జాలిక శకలాలు – శోథ ప్రక్రియ

కీలకపదాలు: కణబాహ్య జాలిక, హయలురోనన్, శోథ, చిన్న పింజర, యాంటీవీనమ్

ఉపోద్ఘాతం

అనంతపురం పీఠభూమిలో వేరుశనగ ప్రధానంగా వర్షాధార పంట. కలుపు తీసేటప్పుడూ, కాయ పెరికేటప్పుడూ కూలీల చేతులు, పాదాలు నేలను తాకుతూనే ఉంటాయి. రాళ్ళు, పొదలు గల ఇటువంటి మెట్ట నేలల్లో సంచరించే చిన్న పింజర (ఎకిస్ కారినేటస్) దక్షిణాదిన తరచు మూరెడుకు మించదు. 2000–2019 మధ్య దేశంలో పాముకాటు మరణాలు సుమారు 12 లక్షలని 2020లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. భారం అధికంగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఈ లెక్కలో చేరని నష్టం మరొకటి ఉంది. యాంటీవీనమ్ ఇచ్చి, రక్తానికి గడ్డకట్టే గుణం తిరిగి వచ్చిన తరువాత కూడా కాటుపడిన అవయవం రోజుల తరబడి వాచి ఉండవచ్చు. కొందరిలో కండ కుళ్ళవచ్చు. విషం తటస్థమైన పిదప ఈ శోథను కొనసాగిస్తున్నదేమిటన్నది ఇక్కడ పరిశీలనాంశం.

జాలిక ఛేదనం

కణాల నడుమ కొల్లాజెన్, లామినిన్, ఫైబ్రోనెక్టిన్ వంటి ప్రోటీన్లతోనూ, హయలురోనన్ అనే దీర్ఘ చక్కెర గొలుసుతోనూ అల్లుకొని ఉన్న నిర్మాణమే కణబాహ్య జాలిక. పింజర విషంలోని మెటలోప్రోటీనేజ్‌లు జింక్ ఆధారంగా పనిచేసే ఎంజైములు. ఇవి రక్తకేశనాళికల ఆధార త్వచంలోని నాలుగవ రకం కొల్లాజెన్‌ను ఖండిస్తాయి. ఆధారం సడలిన నాళిక రక్తపీడనానికి తాళలేక చిట్లుతుంది. హయలురోనిడేజ్ హయలురోనన్ గొలుసును తెంచి విషవ్యాప్తికి దారి తీస్తుంది. దీనిని వ్యాపక కారకమని వ్యవహరించడం పరిపాటి. అయితే ఆ పేరు ఎంజైము పనిలో సగాన్నే సూచిస్తుందని చెప్పాలి; తెగిన ముక్కలు ఏమవుతాయన్నది ఆ పేరులో లేదు.

శకలాలే సంకేతాలు

పది లక్షల డాల్టన్లకు పైబడిన అఖండ హయలురోనన్ సాధారణంగా శోథను అదుపులో ఉంచుతుంది. అదే అణువు చిన్న తునకలైనప్పుడు స్వభావం మారుతుంది. సీడీ44, టోల్-లైక్ గ్రాహకాలు 2, 4 ద్వారా ఆ తునకలు మాక్రోఫేజ్‌లను ఉత్తేజపరచి, న్యూట్రోఫిల్స్‌ను రప్పించే కీమోకైన్ల ఉత్పత్తిని పెంచుతాయి. సూక్ష్మజీవులను పసిగట్టడానికి ఏర్పడిన గ్రాహకాలే సొంత కణజాలపు శిథిలాలనూ ప్రమాద సూచికలుగా గుర్తిస్తున్నాయన్న మాట. కొల్లాజెన్ నుంచి వెలువడే ప్రోలిన్–గ్లైసిన్–ప్రోలిన్ అనే మూడు అమైనో ఆమ్లాల ముక్క కూడా న్యూట్రోఫిల్స్‌ను ఆకర్షిస్తుందని 2006లో నిరూపితమైంది. వచ్చిన న్యూట్రోఫిల్స్ తమ ఎంజైములతో మరింత కొల్లాజెన్‌ను ఖండిస్తాయి. మరిన్ని శకలాలు పుడతాయి. ఒకసారి మొదలైన ఈ వలయానికి విషం అవసరం ఉండదు.

ఇక్కడొక హెచ్చరిక అవసరం. ప్రయోగశాలల్లో వాడిన హయలురోనన్ నమూనాల్లో బాక్టీరియా ఎండోటాక్సిన్ కల్తీ ఉండే అవకాశం ఉంది. అది కూడా టోల్-లైక్ గ్రాహకం 4నే ఉత్తేజపరుస్తుంది. కాబట్టి కల్తీ లేదని నిర్ధారించని పాత ఫలితాలను యథాతథంగా స్వీకరించరాదు.

పాముకాటు విషయంలో మరింత ప్రత్యక్షమైన ఆధారం కోస్టారికా పరిశోధకుల నుంచి వచ్చింది. బోత్రాప్స్ ఆస్పర్ అనే అక్కడి పింజర జాతి పాము విషంతో ఎలుకల్లో కలిగించిన గాయం నుంచి ఊరిన స్రావం రక్తనాళాల పారగమ్యతను పెంచుతుందనీ, అది టోల్-లైక్ గ్రాహకం 4 మార్గంలో జరుగుతుందనీ 2016లో వారు చూపారు. అదే ఏడాది మైసూరు విశ్వవిద్యాలయ పరిశోధకులు మన చిన్న పింజర విషాన్నే పరీక్షించారు. డీఎన్‌ఏను ఖండించే ఎంజైము చర్య ఆ విషంలో లోపించడం వల్ల, న్యూట్రోఫిల్స్ విడిచే డీఎన్‌ఏ వలలు కరగక, విషాన్ని కాటుపడిన చోటే బంధించి కండ నాశనానికి కారణమవుతున్నాయని ఎలుకల్లో వెల్లడించారు. శకలాలు న్యూట్రోఫిల్స్‌ను పిలుస్తాయన్న అంశంతో కలిపి చదివినప్పుడు ఈ ఫలితం ప్రాధాన్యం పెరుగుతుంది.

చికిత్సకు సంబంధించి

యాంటీవీనమ్ విషంలోని ప్రోటీన్లను బంధించే ప్రతిరక్షకం. తెగిన కొల్లాజెన్‌ను అది అతికించలేదు. హయలురోనన్ తునకలను తొలగించలేదు. పైగా వాచిన కణజాలంలోకి ఆ ప్రతిరక్షకాలు నెమ్మదిగా చేరుతాయి. పొలం నుంచి ఆసుపత్రికి పట్టే ప్రతి గంటా శకలాల రాశిని పెంచే గంటే. గట్టిగా కట్టు బిగించడం, కాటుపడిన చోట కోయడం ఈ రాశిని మరింత పెంచే చర్యలు. కట్టు విషాన్ని ఒకేచోట నిలిపి ఉంచుతుంది. కోత కొత్త గాయాన్ని చేరుస్తుంది.

ఛేదనాన్ని మొదట్లోనే ఆపగల నోటి మందుల అన్వేషణకు అందుకే విలువ ఉంది. జింక్‌ను బంధించే డీఎంపీఎస్ అనే పాత ఔషధం ఎకిస్ ప్రజాతి పాముల విషం నుంచి ఎలుకలను కాపాడిందని 2020లో వెల్లడైంది. కెన్యాలో ఆరోగ్యవంతులపై తొలిదశ పరీక్ష కూడా జరిగింది. కాటుపడిన కొన్ని గంటలకు, అంటే శకలాలు పోగుపడిన తరువాత, అటువంటి మందు వాపును ఎంతవరకు తగ్గించగలదన్న ప్రశ్నకు మనుషులపై జరిపే పరీక్షలే సమాధానం ఇవ్వాలి.