సైకిల్ సీటు వల్ల వచ్చే బాధలు

పలమనేరు, బంగారుపాళ్యం వైపు పల్లెల్లో తెల్లవారుజామునే పాల క్యాన్లు కట్టుకుని సైకిల్ మీద బయలుదేరేవారు ఇదివరకు చాలామంది. ఇప్పుడు మోపెడ్లు వచ్చినా సైకిల్‌నే నమ్ముకున్నవారు ఇంకా ఉన్నారు. రోజూ పదిహేను, ఇరవై కిలోమీటర్లు తొక్కే మనిషికి సీటు దగ్గర నొప్పి, తిమ్మిరి, ఒరుపు మామూలే. అయితే అది చెప్పుకోలేని చోటు. డాక్టరుకు కాదు కదా, ఇంట్లో భార్యకు కూడా చెప్పరు. అందుకే ఈ సంగతులు ఇంట్లోవారికి చెబుతున్నాం.

కూర్చున్నప్పుడు మన బరువు మోయవలసినవి పిర్రల అడుగున ఉండే రెండు ఎముకలు. గట్టి అరుగు మీద కూర్చుని అరచేతులు కింద పెట్టి చూడండి, చేతికి తగులుతాయి. వాటి నడుమ మెత్తని భాగంలో మర్మాంగాలకు వెళ్ళే నరాలు, రక్తనాళాలు ఉంటాయి. సీటు ఇరుకైతే ఎముకలకు ఆధారం దొరకదు, బరువు ఆ నడిమి భాగం మీద పడుతుంది. తిమ్మిరి అందువల్లే. స్త్రీలకు ఈ ఎముకల మధ్య దూరం సాధారణంగా ఎక్కువ. అన్న తొక్కిన సైకిల్‌ను చెల్లెలికి ఇచ్చేటప్పుడు సీటు ఒక్కటైనా మార్చడం మంచిది.

చాలామంది చేసే పని, బాగా మెత్తటి స్పాంజి కవరు కొని తొడగడం. కొంతదూరం హాయిగానే ఉంటుంది. తర్వాత ఎముకలు స్పాంజిలోకి దిగిపోతాయి, మధ్యలో అది ఉబ్బి పైకి ఒత్తుతుంది. కాబట్టి మెత్తదనం కంటే వెడల్పు ముఖ్యం. అమెరికాలో ఐదు నగరాలకు చెందిన 90 మంది సైకిల్ పోలీసులకు ముందు ముక్కు లేని సీట్లు ఇచ్చి ఆరు నెలలు చూశారు. తొక్కేటప్పుడు తిమ్మిరి లేదన్నవారు మొదట 27 శాతం, తర్వాత 82 శాతం. ఈ ఫలితాలు 2008లో వచ్చాయి. అలాంటి సీటు మన ఊరి షాపులో దొరక్కపోవచ్చు గానీ, ముక్కు ఒత్తిడే అసలు దోషమని దీనివల్ల తెలిసింది.

ముక్కు పైకి లేచి ఉంటే స్పానరుతో వదులు చేసి సీటును సమంగా బిగించాలి. మరీ కిందికి వంచితే మనిషి ముందుకు జారి చేతులు నొప్పి పెడతాయి. ఎత్తు చూడటానికి సీటు మీద కూర్చుని, కింద ఉన్న పెడల్ మీద మడమ ఆనించాలి. కాలు చాచినట్టు ఉంటే సరి. ఇంకా ఎత్తైతే నడుము అటూ ఇటూ ఊగి తొడలు ఒరుసుకుంటాయి. గుంతల రోడ్డులో మామూలుగా పెడళ్ళ మీద లేచి నిలబడతాం. క్యాన్ల బరువుంటే సైకిల్ తూలుతుందని అలా లేవలేరు, దెబ్బంతా సీటు దగ్గరే తగులుతుంది. అలాంటివారు మధ్యమధ్య దిగి కాస్త నడవాలి. దిగిన కాసేపటికి తిమ్మిరి పోవాలి. మర్నాటికీ పోకపోయినా, మూత్రం కష్టమైనా ఆసుపత్రికి రావాలి.

చెమటకు, ఒరుపుకు చర్మం రేగి సెగ్గడ్డలు లేస్తాయి. ఇంటికి రాగానే కడిగి, తడి లేకుండా తుడిచి, శుభ్రమైన నూలు లోదుస్తులు వేసుకోవాలి. గడ్డ ఉంటే మానేవరకు సైకిల్ ఎక్కకూడదు. చిదమకండి, సున్నం పెట్టకండి.

షుగరు ఉన్నవారి విషయంలో మాత్రం ఒక్క పూట కూడా ఆగకూడదు. ఆ చోట వచ్చిన చిన్న గడ్డే కొందరిలో ఫోర్నియర్స్ గ్యాంగ్రీన్ అనే ప్రాణాంతకమైన కుళ్ళుగా మారుతుంది. అది గంటల్లో పాకుతుంది. వాపు, పైకి కనిపించేదానికంటే మించిన నొప్పి, జ్వరం, దుర్వాసన, చర్మం నల్లబడటం దాని గుర్తులు. ఆయన సిగ్గుపడి వద్దన్నా, అర్ధరాత్రి అయినా సరే, వెంటనే క్యాజువాలిటీకి తీసుకురండి. వాడుతున్న షుగరు మాత్రలు, చీటీలు వెంట తెండి.